జయానందం సారు ఈల

జయానందం సారుకున్న పిచ్చి ఒక్కటే. మొదలుపెట్టిన వేషాన్ని ఎవరి చేతా చివరిదాకా వేయనివ్వడు. ఆయన మెడలో నల్లదారానికి ఒక ఇత్తడి ఈల ఎప్పుడూ వేలాడుతుండేది. అది మోగిందా, స్టేజీ మీదున్న ప్రతివాడూ తన వేషం వదిలి పక్కవాడి వేషం అందుకోవాలి. ఒకసారి మోగితే వేషం మారాలి. రెండుసార్లు మోగితే వేషంతోపాటు భాష కూడా మారాలి. తెలుగులో సింహాసనం ఎక్కిన రాజు రెప్పపాటులో దాసి అయిపోయి ఉర్దూలో ఏడవాలి. ఎందుకని అడిగితే, "అడిగే లోపల ఇంకోసారి ఊదుత" అనేవాడు.

ఆయన మెదక్ మిషన్ బడిలో డ్రిల్లు మాస్టారు. డ్రిల్లు మాస్టారు మెడలో ఈల ఉండటం తప్పు కాదు. ఆ ఈలను తీసుకొచ్చి నాటకంలో దూర్చడమే అసలు తంటా. ఒక్కచోట నిలబడే మనిషి కూడా కాదాయె. స్టేజీకి ఈ మూల నుంచి ఆ మూలకు పచార్లు చేస్తూనే ఉంటాడు. ఆయనతో మాట్లాడాలంటే పక్కనే నడవాలి. పదిహేను నిమిషాల మాటకు కోట దాకా వెళ్లి రావలసి వచ్చేది.

ఊళ్లో దీని మీద రకరకాల కథలుండేవి. పెద్ద చర్చి కట్టేటప్పుడు పైనుంచి సున్నపు తట్ట నెత్తిన పడిందని కొందరు, చిన్నప్పుడు ఎండలో ఎక్కువసేపు డ్రిల్లు చేశాడని కొందరు. ఆయన భార్య ఎలిశిబమ్మ మాత్రం, "తట్ట లేదు, ఎండ లేదు. పుట్టుడే గట్ల పుట్టిండు" అని తేల్చేసేది. ఆమెకు తెలియక కాదు. పెళ్లయిన కొత్తలో ఒకనాడు వంటింటి గుమ్మంలో నిలబడి ఈల ఊదాడు. ఆమె గరిటె ఆయన చేతిలో పెట్టి, ఆయన చదువుతున్న పేపరు తీసుకుని బయటి అరుగు మీద కూర్చుంది. ఇంకోసారి ఊదాడు. "పప్పు మాడుతుండొచ్చు, జెర సూస్కోండ్రి" అన్నమాటను ఆమె అచ్చమైన ఉర్దూలో చెప్పింది. పప్పు మాడనే మాడింది. ఆ రోజు నుంచి ఇంట్లోకి వచ్చేముందు ఈలను గుమ్మం బయట మేకుకు తగిలించడం ఆ ఇంటి నియమం.

నాటక సమాజం పుట్టుక కూడా అంత సాఫీగా ఏమీ జరగలేదు. పెద్ద యుద్ధం ముగిసిన కొత్తలో, మిషన్ కాంపౌండు పిల్లలు, బజారు పిల్లలు, కోట కింది మొహల్లా పిల్లలు, అందరినీ పోగేసి 'మెదక్ యువక నాటక సంఘం' అని బోర్డు రాయించాడు. సాయంత్రానికల్లా పోలీసు ఠాణా అమీన్ సాబ్ నుంచి పిలుపు వచ్చింది. ఆ రోజుల్లో పల్లెల్లో సంఘాలు లేచి దొరలకు నిద్ర లేకుండా చేస్తున్నాయి. ఆ మాట చెవినపడితే పోలీసులకు ఒళ్లంతా చెమట.

"సంగమా? ఏం సంగం?"

"నాటకాల సంగం సాబ్."

"నాటకాలకు సంగమెందుకు?"

"ఒక్కనితోని నాటకం కాదు గద సాబ్."

మర్నాటికి బోర్డు మీద సంఘం పోయి కంపెనీ వచ్చింది. అయినా అమీన్ సాబ్ కొర్రీ పెట్టనే పెట్టాడు. నాటకం తనకు అర్థం కావాలి, కాబట్టి ఉర్దూలో ఉండాలి. సరే, ఉర్దూలో ఆడితే చుట్టుపక్కల పల్లెల నుంచి బండ్లు కట్టుకొచ్చేవాళ్లకు ఎలా అర్థమవుతుంది? సారు మధ్యేమార్గం పట్టాడు. నాటకం రెండు భాషల్లోనూ రాయించాడు. ప్రతివాడూ ప్రతి వేషాన్నీ రెండు భాషల్లోనూ నోటికి పట్టాలన్నాడు. ఊరు దానికి 'రెండు నాల్కల కంపెనీ' అని పేరు పెట్టింది. సారు చెవిన పడితే, "ఒక్క నాల్కతోని ఊర్లె బతుకుతున్నరా మీరు?" అని అడిగి పచార్లు సాగించేవాడు.

ఇక నర్సింగం సంగతి. హవేలిఘనపూర్ కుర్రవాడు. మెదక్ బజారులో బట్టల దుకాణంలో పని. ఎత్తయిన మనిషి, గంట కొట్టినట్టు గొంతు. తను రాజుగా పుట్టవలసినవాడని, ఏదో పొరపాటున ఘనపూర్‌లో పుట్టానని అతని గట్టి నమ్మకం. దుకాణంలో గుడ్డ కొలిచే గజం బద్దను కత్తిలా దూసి బేరగాళ్ల మీద తీర్పులు చెప్పేవాడు. 'చంద్రకేతు మహారాజు' నాటకం అనుకున్నప్పుడు సారు ఇంకొకరి వైపు చూడను కూడా చూడలేదు. "రాజు నువ్వేరా" అన్నాడు. ఆ కబురు అందుకున్న నర్సింగం తల్లి ఆగమ్మ ఘనపూర్‌లో చెప్పని గడప లేదు. మగడు పోయాక నాట్లు వేసి, కలుపు తీసి కొడుకును పెంచిన మనిషి. ఆమె కొడుకు రాజైతే చెప్పుకోదా మరి.

మొదటి ఆటకు సగం వాడను బండ్లో ఎక్కించుకుని వచ్చింది. మొదటి మూడు రంగాలూ నర్సింగం రాజ్యాన్ని ఏలిన తీరు చూసి బడి ఆవరణంతా చప్పట్లు. నాలుగో రంగంలో రాజుగారు పెద్ద తీర్పు చెప్పాలి. నాటకానికి అదే ప్రాణం. నర్సింగం ముందుకు వచ్చాడు. జనాన్ని కలయజూశాడు. ముందు వరసలో నోరు తెరుచుకుని చూస్తున్న తల్లిని చూశాడు. చెయ్యెత్తి, గంభీరంగా ఆగాడు.

ఈల మోగింది.

కిరీటం పక్కనున్న మంత్రికి పోయింది. మంత్రి వేషం రహమత్‌ది, తాలూకా కచేరీ గుమాస్తాగారి అబ్బాయి. అవతలి పక్కన దాసి వేషంలో ఉన్న గాలయ్య చీర, చీపురు నర్సింగానికి వచ్చి చేరాయి. రహమత్ గడగడా తీర్పు చెప్పేశాడు. రాజుగా పుట్టిన నర్సింగం నాటకం అయిపోయేదాకా నేల ఊడ్చాడు.

"ఏం బిడ్డా, రాజువన్నవ్?" అంది ఆగమ్మ ఆట ముగిశాక.

"మూడు సీన్ల దాంక నేనే గదనే అవ్వా."

"ఆఖర్ల ఊడుస్తివి గదరా. మనూరోళ్లకు ఊడ్సుడే యాదికున్నది."

రెండో ఆటకు మళ్లీ వచ్చింది. మళ్లీ నాలుగో రంగం, మళ్లీ చెయ్యెత్తడం, మళ్లీ గంభీరంగా ఆగడం, మళ్లీ ఈల. ఈసారి పక్కన పడి ఉన్నది దొంగ శవం. నర్సింగం పీనుగయ్యాడు, పీనుగ లేచి రాజైంది. తిరుగుదారిలో బండిలోని వాళ్లు ఆగమ్మను ఓదార్చారు. "గంతసేపు కదలకుండ పండుడు అల్కగాదు ఆగవ్వా" అన్నారు. మూడో ఆటకు ఇక పట్టుదల పట్టి, ఇంకా గంభీరంగా, ఇంకా ఎక్కువసేపు ఆగాడు. ఈల కూడా ఆ పట్టుదలతోనే మోగింది. ఘనపూర్‌లో ఆగమ్మ కనబడితే చాలు, "నీ కొడుకు ఈసారి ఏం ఊడుస్తడవ్వా?" అని అడగడం ఆడవాళ్లకు మంచినీళ్ల ప్రాయమైపోయింది.

నర్సింగం ఒకనాడు సారుతో పోట్లాటకు దిగాడు. దిగడమంటే పక్కన నడుస్తూనే.

"సారూ, నా మీద మీకు ఏం పగ?"

"పగేందిరా? రాజుగిరి అందరికి రావాలె గద."

"నాలుగో సీను రాంగనే ఎందుకు ఊదుతరు? మా అవ్వ ముంగట్నే ఎందుకు ఊదుతరు?"

"నా ఊపిరి, నా సీటీ. ఊదబుద్ధయింది, ఊదిన."

"జనం మిమ్మల్ని జూసి నవ్వుతున్నరు. తెలుసా మీకు?"

"నవ్వనియ్యి. నవ్వుతందుకే గద పైసలిచ్చి వస్తున్నరు" అని, బజారులో ఆగి అతనికి మిరపకాయ బజ్జీలు ఇప్పించాడు. నవ్వడమన్నది మాత్రం నిజం. సారు వీధిలో వస్తుంటే పిల్లలు నోట్లో వేళ్లు పెట్టి ఈల వేసేవాళ్లు. ఆయన ఆగి వాళ్లకు సెల్యూట్ కొట్టి, "ఎడమ కాలు ముంగట" అని చెప్పి పోయేవాడు.

ఇంతలో నలభై ఎనిమిది ఎండాకాలం వచ్చింది. ఎవరికీ కాలు ఒకచోట నిలవని ఎండాకాలం. ఒకపక్క పల్లెల్లో దళాలు, ఇంకోపక్క తుపాకులేసుకుని తిరిగే రజాకార్లు. రోజుకో పుకారు. యూనియన్ సైన్యం వస్తోందని ఒకరు, రాదని ఒకరు. మధ్యాహ్నం కుక్క మొరిగినా దుకాణాల తలుపులు సగం మూతపడేవి. చీకటి పడితే బయట కనబడరాదని హుకుం. సారు నాటకాన్ని ఎండపూటకు మార్చుకున్నాడే గాని మానలేదు. "ఊరంత పరేషాన్ల ఉన్నది. గిప్పుడు గాకపోతే ఇంకెప్పుడు ఆడాలె?" అనేవాడు.

ఆ గడబిడలోనే నర్సింగం ఒక పెళ్లికి ఘనపూర్ వెళ్లాడు. ఎవరో పాట పాడమన్నారు. పాడమంటే అతని గొంతు ఆగదు. మామూలు పెళ్లిపాట పాడి ఊరుకుంటే పోయేది. చప్పట్లు పడేసరికి ఊపు వచ్చి, దొరల గడీల మీద కట్టిన సంఘం పాట ఎత్తుకున్నాడు. ఆ పెళ్లిలో ఎవడు విన్నాడో ఏమో, వారం తిరక్కుండా మెదక్‌లో వాకబు మొదలైంది. నాటకంలో రాజు వేషం వేసే నర్సింగం ఎవడు, ఎక్కడుంటాడని. దొరికితే ఏమవుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. అలా పట్టుకుపోయిన వాళ్లలో తిరిగి వచ్చినవాళ్లు తక్కువ.

కచేరీలో తండ్రి ద్వారా విన్న రహమత్ పరుగున వచ్చి చెప్పాడు.

"నర్సింగ్ భాయ్, ఇయ్యాల్నే ఎల్లిపో. చేగుంటల మీ మేనమామ ఉన్నడు గద."

"ఆదివారం నాటకమున్నది. మా అవ్వ వస్తది. ఒక్కసారి ఆఖరు దాంక రాజునై, ఆ ఎంబడే పోత."

"నీకు కిరీటం ముఖ్యమా, మెడకాయ ముఖ్యమా?"

"మెడకాయ ఉండేదే కిరీటం కోసం" అన్నాడు నర్సింగం. మూర్ఖత్వానికి మందు లేదంటారు, అది నర్సింగాన్ని చూసే అని ఉంటారు.

సారు కూడా ఆట ఆపేద్దామని చూశాడు. కాని అనుమతి ఇచ్చిన ఆట ఆగిపోతే, ఎందుకాగింది అని అమీన్ సాబ్ కూపీ లాగుతాడు. ఆడక తప్పదు. నర్సింగం లేకుండా ఆడదామంటే అతను కదలడు. పైగా ఎదురు షరతు పెట్టాడు. ఈసారి ఈల మోగకూడదు. సారు మాట మీద నమ్మకం లేదు కాబట్టి ఈల సారు మెడలోనే ఉండకూడదు.

"ఎవలకియ్యమంటవ్?"

"మా అవ్వకియ్యండ్రి. ఈ దునియాల నేను రాజు కావాలని అనుకునేది ఆమె ఒక్కతే."

సారు ఆవరణంతా చుట్టి వచ్చాడు. ఇంకోసారి చుట్టి వచ్చాడు. చివరికి మెడలోంచి దారం తీశాడు. ఏళ్లుగా వేలాడిన చోట మెడ మీద తెల్లటి గీత పడి ఉంది. ఆదివారం ఆటకని ఆగమ్మ అప్పటికే ఘనపూర్ వాళ్లతో వచ్చి, పొద్దు వాలకముందే తిరుగుముఖం పట్టాలని గేటు దగ్గరే కూర్చుంది. సారు వంగి, ఈల ఆమె చేతిలో పెట్టి, చెవిలో ఏదో చాలాసేపు చెప్పాడు. ఆమె ఈలను చూసింది, స్టేజీ వైపు చూసింది, కొంగున ముడి వేసుకుంది. తెర సందులోంచి చూస్తున్న నర్సింగం, తన మీద చాడీలు చెబుతున్నాడనుకున్నాడు.

ఆట మొదలైంది. తెలుగులో మొదటి మూడు రంగాలూ గుర్రంలా పరిగెత్తాయి. నర్సింగం ఎప్పుడూ లేనంత బాగా చేశాడు. జనం మాత్రం స్టేజీని సగం, సారును సగం చూశారు. ఆయన చెయ్యి మాటిమాటికీ మెడ దగ్గరికి పోయి, ఖాళీ చూసుకుని, చొక్కా గుండీని పట్టుకుంటోంది. మూడో రంగం ముగిసేసరికి గుండీ ఊడి చేతిలోకి వచ్చింది. తెర పడింది. చర్చి నీడ ఆవరణలోకి జారుతోంది.

అప్పుడే గేటు దగ్గర ఇద్దరు రజాకార్ జవాన్లు ప్రత్యక్షమయ్యారు. భుజాన తుపాకులు. అక్కడ కూర్చున్నవాళ్లను చూసి ఒకడు అడిగాడు.

"నర్సింగం అంటే రాజు ఏషమోడేనా?"

రెండోవాడు మొదటివాడితో ఉర్దూలో ఏదో అన్నాడు. ఆగమ్మకు ఉర్దూ రాదు. కాని అందులో 'నర్సింగం' ఉంది, 'రాజా' ఉంది, తెర వైపు చూపించిన వేలు ఉంది. తెర లేస్తే కిరీటం పెట్టుకున్నవాణ్ని పట్టుకుంటారన్నమాట. దానికి ఉర్దూ రానక్కర్లేదు.

తెర లేస్తే నాలుగో రంగం. ఆమె ఇన్నాళ్లూ బండి కట్టుకుని, ఊరందరి మాటలు పడి, వస్తున్నది ఆ రంగం కోసమే. ఊడ్చేవాడి తల్లి అన్నవాళ్లంతా పక్కనే ఉన్నారు. ఆగమ్మ కొంగు ముడి విప్పింది. మొదట ఊదితే ఉత్త గాలి వచ్చింది. మళ్లీ ఊపిరి బిగబట్టి ఊదింది. మోగింది. భయానికి ఇంకోసారి కూడా మోగించింది.

ఆవరణంతా గొల్లున నవ్వింది. పిచ్చి సారు ఇచ్చినట్టే ఇచ్చి ఇంకో ఈల తెచ్చుకున్నాడనుకున్నారు. సారు ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. ఆగమ్మను చూశాడు, తుపాకులను చూశాడు. గబుక్కున లేచి స్టేజీ ఎక్కి, "నేనే ఊదిన, నేనే" అని జనానికి వంగి దండం పెట్టాడు. నవ్వు ఇంకా పెరిగింది.

తెర వెనక నర్సింగానికి తల తిరిగిపోయింది. ఈల తల్లి చేతికిచ్చినా, షరతుకు ఒప్పుకున్నా, మళ్లీ అదే మోసం. అయితే కోపం దారి కోపానిది, చేతుల దారి చేతులది. మూడేళ్ల అలవాటు చేతులకు. అవి వాటంతటవే కిరీటం తీసి రహమత్ నెత్తిన పెట్టాయి, గాలయ్య చీర చుట్టుకున్నాయి, చీపురు పట్టుకున్నాయి. ఏడుపు మొహం తల్లికి కనబడకూడదని ముసుగు కిందికి లాక్కున్నాడు.

తెర లేచింది. చంద్రకేతు మహారాజు ఉర్దూలో తీర్పు ఎత్తుకున్నాడు. రెండు వాక్యాలు అయ్యాయో లేదో జవాన్లు స్టేజీ ఎక్కారు. ఒకడు రాజుగారి భుజం పట్టుకున్నాడు.

"పేరేంది?"

రహమత్ తుపాకి చూశాడు. ఈల ఎందుకు మోగిందో ఆ క్షణంలో అతనికి అర్థమైంది. గొంతు కొంచెం కూడా తొణకకుండా, రాజు దర్పం దించకుండా, తన పేరు, తండ్రి పేరు, తండ్రి కొలువు ఉర్దూలో చెప్పాడు. భుజం మీది చెయ్యి జారిపోయింది.

"మరి నర్సింగం ఏడి? రాజు వాడేనట గద."

"హుజూర్, ఈ కంపెనీల రాజెవరో రాజుకే తెల్వదు. కావాల్నంటే ఊరిని అడగండ్రి."

అడిగారు. ముందు వరసలో ముసలాయన లేచి, "పోయినసారి గాలయ్య గూడ రాజైండు సాబ్" అన్నాడు. ఇంకొకాయన, "రాజు సచ్చి పీన్గయిండు, పీన్గ లేసి రాజైంది, ఈ కండ్లతోని జూసిన" అన్నాడు. ఒకామె, తాను వచ్చినరోజు రాజు నేల ఊడ్చాడని చెప్పింది. చర్చి ముందు నిలబడి అందరూ చెప్పింది నిజమే. ఒక్కరు కూడా అబద్ధమాడలేదు.

జవాన్లు సారు మీద పడ్డారు.

"నువ్వు చెప్పు. ఇయ్యాల నర్సింగం ఏం ఏషం?"

"సీటీ ఎన్నిసార్లు మోగింది సాబ్?"

"రెండుసార్లు."

"రెండుసార్లయితే భాష గూడ మారాలె. మీరింక తెలుగుల్నే అడుగుతున్నరు. ఉర్దూల అడుగుండ్రి."

జవాను నిజంగానే ఉర్దూలో అడిగాడు. అడిగాక గానీ తానేం చేశాడో తెలియలేదు. జనం పళ్ల బిగువున నవ్వు ఆపుకున్నారు. సారు పచార్లు చేస్తూ ఉర్దూలో వేషాల మార్పు గురించి చెప్పుకుపోయాడు. జవాన్లు కూడా ఆయన వెంట ఇటూ అటూ నడవాల్సి వచ్చింది. నడుస్తుంటే, "ఎడమ కాలు ముంగట" అని దిద్దాడు. ఇక లాభం లేదని ఒకడు ఆయన టోపీ ఎగరగొట్టి, "పాగల్" అన్నాడు. వాళ్లు దిగిపోతుంటే చీపురు పట్టుకున్న దాసి దారికి అడ్డంగా నిలబడిపోయింది. "హట్" అన్నారు. దాసి పక్కకు జరిగింది.

జవాన్లు గేటు దాటాక కూడా నాటకం ఆపలేదు. ఆపితే అనుమానం. వాళ్లు తనకోసమే వచ్చారని నర్సింగానికి అప్పటికి అర్థమైంది. నాటకం ముగిసేదాకా ఒక్కచోటనే ఊడ్చాడు. ఆ చోట మెదక్‌లోకెల్లా శుభ్రమైన చోటు అయి ఉంటుంది.

పొద్దు వాలకముందే ఘనపూర్ బండి కదిలింది. వెనక ఆగమ్మ నడుస్తోంది, ముసుగు వేసుకున్న కొత్త కోడలితో. ఊరు దాటాక కోడలు నోరు విప్పింది.

"సారు ఇంకో సీటీ యాడ దెచ్చిండే అవ్వా? ఎంత మంచిగ ఊదిండు."

"సారు కాదు బిడ్డా. నేను ఊదిన."

నర్సింగం ఆగిపోయాడు.

"నీకు జెప్పిందెవరు ఊదుమని?"

"సారే. సీటీ ఇయ్యంగ చెవుల చెప్పిండు. 'ఆగవ్వా, నీ కొడుకు ఆపతిల వడ్డప్పుడు ఊదు, ఉత్తగ ఊదకు. నేను గూడ ఎన్నడు ఉత్తగ ఊదలే' అన్నడు."

"ఉత్తగ ఊదలేదా? మరి నాలుగో సీన్ల?"

ఆగమ్మ కొంచెం నసిగింది.

"నాలుగో సీన్ల నేను కండ్ల వడంగనే నీకు మాటలు మర్సిపోతయట గద. జనం నవ్వకముందే సారు ఊదుతడట. 'నవ్వితే నన్ను జూసి నవ్వుతరు, పోరగాండ్లను జూసి నవ్వొద్దు' అన్నడు. నీకు జెప్పొద్దన్నడు. 'గంభీరంగ ఆగిన అనుకుంటుండు, అనుకోనియ్యి' అన్నడు."

నర్సింగం మూడు ఆటలనూ మనసులో తిరగేసుకున్నాడు. చెయ్యెత్తిన తర్వాత చెప్పవలసిన మాట ఏమిటో ఇప్పుడు కూడా గుర్తు రాలేదు. గాలయ్యకు ఎక్కిళ్లు పట్టిన రోజు ఈల మోగింది. రహమత్‌కు గొంతు పూడుకుపోయిన రోజు మోగింది. ఎవరికి నోట మాట ఆగినా మోగింది, ఎవడి పరువూ పోలేదు, పోయిందంతా సారుదే. ఊరంతా ఒక్కణ్ని పిచ్చివాడన్నది, ఒక్క పిల్లవాణ్ని కూడా చవట అనలేదు. నర్సింగానికి మొహం చెల్లనంత సిగ్గేసింది. ఆ సిగ్గులోంచే సారు మీద ఎక్కడలేని ప్రేమ పొంగుకొచ్చింది. ముసుగు ఉండటం మంచిదైంది.

చేగుంటలో మేనమామ ఇంట్లో దాక్కున్నవాడు దాక్కున్నట్టే ఉన్నాడు. వానాకాలం చివర యూనియన్ సైన్యం వచ్చింది, నిజాం రాజ్యం పోయింది, నర్సింగం ఇంటికి వచ్చాడు. ఊరికి మాత్రం కాలు నిలవలేదు. ఇప్పుడు భయపడటం రహమత్‌లాంటి వాళ్ల వంతు. తుపాకీ పట్టినవాడి మీది కసి పట్టనివాడి మీద తీర్చుకునే మూకలు తిరుగుతున్నాయి. సారు పచార్లు చేస్తున్నట్టే చేస్తూ రహమత్‌ను ఘనపూర్ దాకా నడిపించుకొచ్చి ఆగమ్మ ఇంట్లో వదిలిపోయాడు.

ఒక పొద్దున కర్రలు పట్టుకుని కొందరు వాకిట్లోకి వచ్చారు. నర్సింగం పక్కన కొత్త కుర్రవాణ్ని చూసి, ఎవడని గద్దించారు. ఆగమ్మ చెయ్యి కొంగు మీదికి పోయింది. ఈల రెండుసార్లు మోగింది. రహమత్ చీపురు అందుకుని వాకిలి ఊడవడం మొదలుపెట్టాడు.

"ఏందే అవ్వా, ఊడుస్తున్న గద. గంతకు సీటీ ఊదాల్నా?" అన్నాడు అచ్చం ఘనపూర్ తెలుగులో.

"మా చిన్నోడు. సీటీ ఊదందే పని జెయ్యడు" అంది ఆగమ్మ. వచ్చినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు, వెళ్లిపోయారు. వాడలో ఎవరూ అవును కాదు అనలేదు.

చలికాలం నాటికి ఊరు కాస్త కుదుటపడింది. రెండు నాల్కల కంపెనీ మళ్లీ తెర కట్టింది. సారు ఆగమ్మ దగ్గరికి వెళ్లి చెయ్యి చాపాడు.

"ఆగవ్వా, నా సీటీ."

"ఇయ్య సారూ. నా కొడుకును ఆఖరు దాంక రాజుగ జూసినంక ఇస్త."

ఆట రోజు సారు పక్కనే ముందు వరసలో కూర్చుంది. మూడు రంగాలు నడిచాయి. నాలుగో రంగంలో నర్సింగం ముందుకు వచ్చాడు. ఈసారి తల్లి వైపు చూడకూడదని వారం రోజులుగా ఒట్టు పెట్టుకున్నాడు. చూశాడు. చెయ్యెత్తాడు. మాట పోయింది. పక్కన రహమత్ అప్పటికే కిరీటం కోసం మెల్లగా చెయ్యి చాపుతున్నాడు.

సారు కుర్చీలో ముళ్లున్నట్టు కదిలాడు. చెయ్యి ఖాళీ మెడ మీదికి పోయింది.

"ఊదవ్వా, జల్ది. జనం నవ్వుతరు."

ఆగమ్మ ఈలను పెదవుల దగ్గర పెట్టుకుని, ఊదకుండా, కిరీటంతో నిలబడిపోయిన కొడుకును కడుపు నిండా చూసుకుంటోంది.

"జెర ఆగుండ్రి సారూ. ఎంత గంభీరంగ ఆగిండో సూడనియ్యుండ్రి" అంది. అప్పుడు ఊదింది.